ఇల్లు ఎవరిది, ధర ఎవరిది?

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు మన పెద్దలు. ఈ రెండు పనులూ తలకెత్తుకున్నవాడికి గాని సంసారం బరువు తెలియదని దాని భావం. ఆ సామెత పుట్టిన రోజుల్లో ఇల్లు కట్టడం కష్టమే గాని, కూలివాడికి అందని పని కాదు. చెరువు మట్టి, తోపులో మాను, నాలుగు మోపుల బోద, నలుగురి చేతిసాయం ఉంటే గోడలు లేచేవి. ఏ కులం వాళ్లు ఏ దిక్కున కట్టుకోవాలో ఊరే శాసించేదన్నది కూడా నిజమే. ఆ సంగతికి మళ్లీ వద్దాం. ఈనాడు రెక్కల కష్టం మీద బతికే మనిషికి ఇల్లు కట్టి చూడడం మాట దేవుడెరుగు, నెలనెలా బాడుగ కట్టి చూడడమే పరీక్షగా ఉంది.

దీన్ని చాలామంది నీతికి సంబంధించిన విషయంగా చూడరు. అడిగేవాళ్లు ఎక్కువయ్యారు, ఇండ్లు తక్కువయ్యాయి, ధర పెరిగింది, ఇందులో ఎవరి తప్పేముంది అంటారు. కోలారు టమోటా మండీ గురించి అయితే ఈ మాట కొంతవరకు చెల్లుతుంది. ధర పెరిగితే మరుసటి కారుకు రైతులంతా టమోటా నాటుతారు, కాయ ముంచుకొస్తుంది, ధర పడిపోతుంది, ఒక్కోసారి బుట్టలకు బుట్టలు రోడ్డు పక్కన పారబోస్తారు. నేల అట్లా కాదు. ధర పెరిగింది కదా అని ఒక ఎకరాన్ని రెండెకరాలుగా పండించే విద్య ఎవరి దగ్గరా లేదు. టమోటా పండాలంటే రైతు నీళ్లు కట్టాలి, మందు కొట్టాలి, రాత్రి కాపలా పడుకోవాలి. నేల ధర పెరగడానికి దాని సొంతదారు ఏమీ చేయనక్కరలేదు; అతను ఇంకో ఊళ్లో, ఇంకో దేశంలో ఉన్నా పెరుగుతుంది. అందుకే టమోటా గురించి అడగనక్కరలేని ప్రశ్నలు నేల గురించి అడగాలి. ఈ ధర ఎవరు తెచ్చారు? ఎవరికి చెందాలి? దాని మూలంగా చోటు విడిచి పోవలసినవాళ్లు ఎవరు?

ఈ ప్రశ్నలు వేసుకోవడానికి మన కోలారు జిల్లాను మించిన చోటు లేదని నాకనిపిస్తుంది. ఇల్లు, పని అనేవి ఒకదాన్నొకటి ఎట్లా పట్టుకుని ఉంటాయో, ఆ ముడి తెగితే మనిషి ఏమవుతాడో చూపించే నూరేళ్లకు పైబడిన చరిత్ర ఇక్కడ మన కళ్లెదుటే ఉంది.

1880లో జాన్ టేలర్ కంపెనీ వచ్చి గనుల పని చేపట్టింది. కొన్నేళ్లలోనే ఛాంపియన్ పొర దొరికి కోలారు బంగారం లండన్ మార్కెట్లో పేరు తెచ్చుకుంది. పని వెతుక్కుంటూ ముఖ్యంగా ఉత్తర ఆర్కాటు వైపునుంచి జనం వచ్చారు. ఒక దశలో గనుల్లో ముప్పై వేలమంది దాకా పనిచేశారు. వాళ్లలో ఎక్కువమంది తమ ఊళ్లలో ఊరవతల బతికిన కులాలవాళ్లు. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడేదాకా అక్కడి తెలుగు తాలూకాలు కొన్ని ఉత్తర ఆర్కాటులోనే ఉండేవి. కాబట్టి ఉత్తర ఆర్కాటు నుంచి వచ్చారనగానే అందరూ తమిళులే అనుకోనక్కరలేదు. ఇంట్లో తెలుగు, లైన్లో తమిళం, బళ్లో కన్నడం, ఆఫీసులో ఇంగ్లీషు అనే నాలుగు పలుకుల బతుకు గనుల్లో అట్లా మొదలైంది.

వాళ్లకు కంపెనీ చూపించిన ఇండ్లు వెదురు తడికల గుడిసెలు. ఇక్కడివాళ్ల నోట అవి తట్టి ఇండ్లు. వరసలు వరసలుగా వేశారు కాబట్టి ఆ పేటలకు లైన్లు అని పేరొచ్చింది. తడికలు పోయి గోడలొచ్చినా ఆ పేరు మాత్రం పోలేదు. ఒక్క గది, ముందు కాస్త జాగా, అందరికీ కలిపి దూరంగా మరుగుదొడ్లు. మరో పక్క దొరల బంగ్లాలు, క్లబ్బు, గోల్ఫ్ మైదానం. 1902లో శివనసముద్రం నుంచి గనులకు కరెంటు వచ్చింది. బెంగుళూరు వీధుల్లో కరెంటు దీపాలు వెలిగింది 1905లో. రాజధానికంటే మూడేళ్లు ముందొచ్చిన ఆ వెలుగు మిషన్లకూ బంగ్లాలకూ గాని తట్టి ఇంటికి కాదు.

లైను ఇంటి బాడుగ తక్కువ. అది కంపెనీ దయ అని చెప్పుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. నిదానంగా ఆలోచిస్తే అందులో దయ ఏమీ కనిపించదు. ఇల్లు చవకగా ఇస్తే కూలి తక్కువగా ఇవ్వవచ్చు. మనిషి షాఫ్టుకు దగ్గర్లో ఉంటే షిఫ్టుకు వేళకు వస్తాడు. అన్నిటికంటే ముఖ్యం, పనీ ఇల్లూ ఒక్కరి చేతిలోనే ఉంటే ఎదురుతిరిగినవాడు ఒకే రోజున కూలి, గూడు రెండూ పోగొట్టుకుంటాడు. 1930లో వేలిముద్రల రిజిస్ట్రేషన్ వద్దని వేలాదిమంది పని మానేశారు. 1946 నవంబరులో పోలీసు కాల్పుల్లో ఆరుగురు కార్మికులు చనిపోయారు. ఈ పోరాటాల గురించి చెప్పుకునేటప్పుడు కూలి రేట్లు, యూనియన్లు గుర్తుకు వస్తాయి గాని, ఇవి చేసినవాళ్లకు తలమీద కప్పు కూడా సొంతం కాదన్న విషయం గుర్తుకు రాదు.

1956లో గనులు మైసూరు ప్రభుత్వం చేతికి వచ్చాయి. 1962లో కేంద్రానికి మారాయి. 1972లో భారత్ గోల్డ్ మైన్స్ అనే కంపెనీ అయింది. యజమానులు మారారు గాని ఇంటికీ పనికీ ఉన్న ముడి మారలేదు. చివరికి 2001 ఫిబ్రవరి 28న ఆ కంపెనీ మూతపడింది. నూట ఇరవై ఏళ్లలో ఎనిమిది వందల టన్నులకు పైగా బంగారం ఈ నేల ఇచ్చింది. మూడు కిలోమీటర్లకు మించిన లోతుకు మనుషులు దిగి దాన్ని తీశారు. ఊరికి మిగిలింది సైనైడ్ దిబ్బలు, లైన్లు, ఆ లైన్లలోని మనుషులు.

ఇక్కడినుంచి మన ప్రశ్న మొదలవుతుంది. గని ఉన్నన్నాళ్లూ పని ఉంటేనే ఇల్లు. గని పోయాక ఇల్లు నిలిచింది, పని పోయింది. ఆ ఇల్లు చవకే, ఎందుకంటే దాని చుట్టూ సంపాదన లేదు. సంపాదన ఉన్న బెంగుళూరులో ఇల్లు అందదు. అక్కడ బాడుగ ఒక్కటే కాదు, పది నెలల బాడుగ అడ్వాన్సుగా చేతిలో పెట్టమనడం చాలాకాలంగా ఉన్న వాడుక. లేదంటే భోగ్యానికి లక్షలు ఒకేసారి పోయాలి. బట్టల ఫ్యాక్టరీలో కుట్టే అమ్మాయి, అపార్ట్‌మెంటు గేటు దగ్గర నిలబడే వాచ్‌మన్, కట్టడం పనికి పోయే మేస్త్రీ ఆ మొత్తం ఎక్కణ్ణించి తెస్తారు? అందుకని వాళ్లు తెల్లవారకముందే మారికుప్పంలోనో, ఛాంపియన్ రీఫ్‌లోనో, ఊరిగాంలోనో రైలెక్కుతారు. బంగారుపేట మీదుగా బెంగుళూరు చేరి, పొద్దు గుంకాక మళ్లీ అదే దారిన తిరిగివస్తారు.

ఒక చిన్న లెక్క వేద్దాం. ఆ ప్రయాణం సుమారు రెండున్నర గంటలు. రానూ పోనూ ఐదు. నెలకు ఇరవై ఐదు రోజులు పనికి పోతే 125 గంటలు. ఎనిమిది గంటల పనిదినాల కింద లెక్కగడితే పదిహేను రోజులు దాటుతుంది. ఏడాదికి 1,500 గంటలు. రేయీ పగలూ కలిపి లెక్కిస్తే 62 రోజులు. అంటే ఏడాదిలో రెండు నెలలు ఆ మనిషి రైలు పెట్టెలో బతుకుతున్నాడు. ఎనిమిది గంటల కూలికి పదమూడు గంటలు ఇస్తున్నాడు. స్టేషనుకు నడిచే సమయం, స్టేషను నుంచి పనిచోటికి పోయే సమయం ఇందులో కలపనేలేదు.

నా దృష్టిలో ఇది ప్రయాణం కాదు, బాడుగ. డబ్బు రూపంలో కట్టలేని బాడుగను నిద్ర రూపంలో, బిడ్డ మేలుకుని ఉండగా ఇంట్లో ఉండలేకపోవడం రూపంలో కడుతున్నారు. డబ్బు బాడుగ అయితే ఒకరి చేతినుంచి ఇంకొకరి చేతికి చేరుతుంది. ఈ బాడుగ ఎవరి చేతికీ చేరదు, ఊరికే ఆవిరవుతుంది. దీనివల్ల లాభపడేవాళ్లు లేరా అంటే ఉన్నారు. బెంగుళూరులో బతకడానికి చాలని జీతంతో బెంగుళూరులో పని చేయించుకోగలుగుతున్నవాళ్లందరూ లాభపడుతున్నారు. సీజన్ పాసు చవకగా ఉండటం వల్లనే ఈ ఏర్పాటు నడుస్తోంది. ఆ చవక రైల్వే భరిస్తున్నది, అంటే ప్రజల సొమ్ము. పాసు చవకగా ఉండవలసిందే, అందులో సందేహం లేదు. కాని ఆ సాయం కార్మికుడి దగ్గర ఎంత ఆగుతోంది, అతని చేతిమీదుగా జారి యజమాని జీతాల ఖాతాలో మిగులుగా ఎంత తేలుతోంది అని కూడా అడగాలి. కంపెనీ దొర చవక ఇల్లు ఇచ్చి కూలి తగ్గించాడు. ఇప్పుడు చవక రైలు ఆ పని చేస్తోంది.

పని మన జిల్లాకే వస్తోంది కదా, ఇక రైలెక్కే బాధ తప్పుతుంది కదా అని కొందరంటారు. వస్తున్న మాట నిజమే. మాలూరులో ఫ్యాక్టరీలు చాలాకాలంగా ఉన్నాయి. నర్సాపురలో 2013లో హోండా బండ్ల ఫ్యాక్టరీ మొదలైంది. తర్వాత సెల్‌ఫోన్ల ఫ్యాక్టరీ వచ్చింది. వేమగల్ వైపు కూడా పరిశ్రమలు లేచాయి. బెంగుళూరు–చెన్నై ఎక్స్‌ప్రెస్‌వేలో హొసకోట నుంచి బేతమంగల దాకా ఉన్న 71 కిలోమీటర్ల భాగం మీద 2024 డిసెంబరులోనే బండ్లు తిరగసాగాయి. అయితే పనికంటే ముందు ధర వచ్చి కూర్చుంది. రాగి చేలల్లో కమానులు, రాళ్లు పాతిన సైట్లు, రంగురంగుల బోర్డులు వెలిశాయి. నేల ధర రాబోయే రోజులను చూసి పెరుగుతుంది. కాంట్రాక్టు కూలి మాత్రం జరిగిపోయిన నెలకు, అదీ కోతలు పోను, అందుతుంది. ఫ్యాక్టరీ చుట్టుపక్కల ఊళ్లలో ఒక్కో గదిలో నలుగురైదుగురు కుర్రవాళ్లు చేరి బాడుగ పంచుకుంటారు. నలుగురి జీతంతో కట్టే బాడుగను ఆ ఊళ్లో పిల్లాజెల్లతో కాపురం చేసే కూలివాడు ఒక్కడి సంపాదనతో కట్టలేడు. ఊళ్లోకి పరిశ్రమ వచ్చిందన్న సంతోషం తీరకముందే అతను ఇంకో ఊరు వెతుక్కోవాలి.

ఈ ధర ఎవరు తెచ్చారు? హెన్రీ జార్జ్ అనే అమెరికా ఆలోచనాపరుడు ఈ ప్రశ్న మీదనే 1879లో ఒక పెద్ద పుస్తకం రాశాడు. కోలారులో జాన్ టేలర్ కంపెనీ దిగడానికి సరిగ్గా ఏడాది ముందు. ఆయన చూసింది కూడా బంగారు నేలనే. కాలిఫోర్నియాలో బంగారం కోసం జనం విరగబడి వచ్చారు, ఆ తర్వాత రైలు వచ్చింది. సంపద పెరిగినచోటే పేదరికం కూడా ఎందుకు పెరుగుతోందని ఆయన అడిగాడు. ఆయన చెప్పిన సమాధానం సారాంశం ఇది: నేల విలువను దాని సొంతదారు సృష్టించడు; చుట్టూ చేరిన జనం, వాళ్ల పని, వాళ్లు వేసుకున్న దారులు సృష్టిస్తాయి; కాబట్టి ఆ పెరిగిన విలువ సమాజానికి చెందాలి. దానికోసం నేల విలువమీద పన్ను వేయాలన్నాడు. ఆయన చూపిన మందు పనిచేస్తుందా లేదా అని నూరేళ్లుగా వాదనలు జరుగుతున్నాయి. రోగం గురించి ఆయన చెప్పిన మాటను మాత్రం తోసిపుచ్చడం కష్టం. బేతమంగల దగ్గర సైటు ధర పెరిగిందంటే ఆ సైటులో ఏం మారింది? అదే మట్టి, అదే రాయి. మారినదంతా సైటు బయటనే, ప్రజల సొమ్ముతో వేసిన రోడ్డు, ప్రజలు నడుపుతున్న ఊరు.

లైన్ల విషయంలో ఇది ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. పాలారు నీళ్లు బేతమంగల నుంచి తెచ్చుకుని, బళ్లు, గుళ్లు, చర్చీలు, మసీదులు, సంఘాలు పెట్టుకుని దీన్ని ఊరుగా చేసినవాళ్లు అక్కడి మనుషులే. నేల కింద రాయి పగిలి పైన గోడలు బీటలు వారితే పూసుకున్నదీ వాళ్లే. గాలికాలంలో సైనైడ్ దిబ్బల దుమ్ము ఇంట్లోకీ అన్నంలోకీ వస్తే భరించిందీ వాళ్లే. 2024 జూన్‌లో ఆ దిబ్బలనుంచి మిగిలిన బంగారం తీయడానికి వేలం వేయాలన్న కేంద్రం ప్రతిపాదనకు కర్ణాటక మంత్రివర్గం ఒప్పుకుంది. పదమూడు దిబ్బలు, వెయ్యి ఎకరాలకు పైగా నేల. దిబ్బకు ధర పలికే కాలం వచ్చింది. ఆ దిబ్బ పక్కన నాలుగు తరాలు దుమ్ము పీల్చినవాళ్ల ఇంటి హక్కు మాత్రం కేంద్రం, రాష్ట్రం, కోర్టుల మధ్య ఏళ్ల తరబడి నలిగింది. ధర లేనప్పుడు నేలను కాపాడినవాడికి ధర వచ్చినప్పుడు ఆ నేలమీద మాట లేకపోవడం న్యాయమా?

దీనికి వచ్చే ఆక్షేపణలను కూడా నిజాయితీగా చూడాలి.

లైన్లు, నేల ప్రభుత్వ కంపెనీ ఆస్తి. దేశమంతటి సొమ్మును కొన్ని వేల కుటుంబాలకు ధారపోయడం సరికాదు అని మొదటి ఆక్షేపణ. మాట వినడానికి బాగానే ఉంది. కాని ఆ ఆస్తి గాలిలోంచి రాలేదు. తక్కువ కూలి రూపంలో, దుమ్ము నిండిన ఊపిరితిత్తుల రూపంలో దాని ఖరీదులో పెద్ద భాగం ముందే చెల్లిపోయింది. పైగా పరిశ్రమలకు రాయితీ ధరకు నేల ఇచ్చేటప్పుడు ఇదే ప్రశ్న ఇంత గట్టిగా ఎవరూ వేయరు. వందల ఎకరాలు ఇచ్చినప్పుడు అభివృద్ధి, రెండు గదులు ఇచ్చినప్పుడు ధారపోయడం అనే లెక్క నాకు అర్థం కాదు.

రెండో ఆక్షేపణ కొంచెం బరువైనది. బాడుగ వసూలు చేసేవాళ్లందరూ కోటీశ్వరులు కారు. పెన్షన్ లేని ఒక పెద్దామె చీటీ డబ్బుతో రెండు గదులు కట్టి, ఒకదాంట్లో తానుండి ఇంకోటి బాడుగకిచ్చి మందులు కొనుక్కుంటూ ఉండవచ్చు. బాడుగలు పెంచకూడదని చట్టం చేస్తే ముందు దెబ్బ తినేది ఆమే. ఇది నిజం. 1961 నాటి బాడుగల నియంత్రణ చట్టం కింద చాలాచోట్ల బాడుగలు ఏళ్ల తరబడి కదలక, యజమానులు సున్నం కొట్టించడం కూడా మానేశారు. చివరికి దాని స్థానంలో 1999 చట్టం వచ్చింది. కాబట్టి బాడుగ తీసుకోవడమే పాపమని నేననడం లేదు. గోడకు, కప్పుకు, రిపేరుకు, ఆమె పెట్టుబడికి తగిన ప్రతిఫలం ఆమెకు చెందాలి. నేను మాట్లాడుతున్నది గోడల గురించి కాదు, గోడల కింది నేలకు బయటినుంచి వచ్చిపడిన విలువ గురించి. ఆ పెద్దామెనూ, వంద సైట్లు కొని తాళం వేసి ఉంచినవాణ్ణీ ఒకే గాట కట్టడం ఇద్దరిలో ఎవరికో ఒకరికి అన్యాయం చేయడమే.

ధర పెరిగితే సొంత ఇల్లున్న పేదవాడికీ మేలే కదా అని మూడో ఆక్షేపణ. మేలే, కాని ఎప్పుడు? అమ్ముకుని వెళ్లిపోయినప్పుడు. ఒక్క ఇల్లే ఉన్నవాడు దాన్నమ్మి ఎక్కడికి పోతాడు? అదే ఊళ్లో ఇంకోటి కొనలేడు, అక్కడా ధర పెరిగే ఉంటుంది. ఇంట్లో ఉండేవాడికి ఇల్లు ఇల్లే, విడిచిపోయేవాడికే అది ధర. ఇల్లు ధరగా మారిన రోజున ఉండాలనుకున్నవాడికంటే పోవడానికి సిద్ధపడ్డవాడికే విలువ ఎక్కువవుతుంది. ఊరు పొమ్మంటుంది కాడు రమ్మంటుంది అని మన సామెత. ఇప్పుడు ఊరు నోరు తెరిచి పొమ్మనదు. ధర చెప్పి ఊరుకుంటుంది.

అందుకే నేను చెప్పదలచిన మాట ఇది. అమ్ముకునే హక్కుకంటే నిలిచి ఉండే హక్కు ముందుది. ఈ రెండూ ఎదురుపడినచోట సమాజం నిలిచి ఉండేవాడి పక్షం వహించాలి.

అయితే నిలిచి ఉండే హక్కు దేనిమీద ఆధారపడాలి? ఇక్కడ మనలాంటి భాషా అల్పసంఖ్యాకులు చాలా జాగ్రత్తగా ఉండాలి. మేం ముందొచ్చాం కాబట్టి మాదే ఈ నేల అనే వాదన సులభంగా నోటికి వస్తుంది. ముళబాగిలు, శ్రీనివాసపురం పల్లెల్లో తెలుగు నిన్నటిది కాదన్నది నిజమే. లైన్లలో తమిళం కూడా నిన్నటిది కాదు. కాని ముందొచ్చినవాడిదే నేల అంటే, ఎవరు ఎవరికంటే ముందు అనే తగవుకు అంతుండదు. ఈ రోజు మనకు పనికొచ్చిన వాదన రేపు మన పిల్లలు బెంగుళూరులోనో, చెన్నపట్నంలోనో గది వెతుక్కునేటప్పుడు వాళ్ల మెడకే చుట్టుకుంటుంది. పుట్టుక, భాష, వంశం ఆధారంగా హక్కు అడిగినవాడు తెలియకుండానే ఇంకొకరి హక్కును కొట్టేస్తాడు. హక్కుకు ఆధారం ఉండటం, పని చేయడం. నిన్న ఒడిశా నుంచో బీహారు నుంచో వచ్చి నర్సాపురలో గది పంచుకుంటున్న కుర్రవాడు కూడా పదేళ్లు ఇక్కడ బతికి పనిచేస్తే ఆ హక్కు అతనికీ రావాలి. మన తాతలు వచ్చింది కూడా అట్లాగే.

మొదట్లో వదిలిపెట్టిన కులం మాటకు ఇప్పుడు రావాలి. ఇంటికి అడ్డం ధర ఒక్కటే కాదు. అంబేద్కర్ విదేశాల్లో పెద్ద చదువులు చదివి 1917లో బరోడా సంస్థానంలో ఉద్యోగానికి వెళితే, ఉండటానికి ఇల్లు దొరకలేదు. పార్సీల సత్రంలో తలదాచుకుంటే అక్కణ్ణించీ వెళ్లగొట్టారు. ఆయనకు జీతం లేక కాదు. నూరేళ్లు దాటినా బాడుగ ఇంటి గడప దగ్గర మీరేం తింటారు, మీ ఊరేది, మీ వాళ్లెవరు అనే ప్రశ్నలు ఆగిపోలేదు. ధర పెరిగినప్పుడు ఈ ప్రశ్నలు ఇంకా పెరుగుతాయి. ఒక గదికి పదిమంది వస్తే యజమానికి ఏరుకునే వీలు ఎక్కువవుతుంది. అప్పుడు ధర అనే గోడ వెనక కులం అనే పాత గోడ దాక్కుంటుంది. తిరస్కరించినవాడు కులం పేరెత్తనక్కరలేదు, ఇల్లు అయిపోయిందంటే చాలు. లైన్లలో బతుకు ఎంత ఇరుకైనా జనం దాన్ని వదులుకోవడానికి ఇష్టపడకపోవడానికి ఇదీ ఒక కారణమని నా నమ్మకం. అక్కడ ఎవరూ ఎవర్నీ ఆ ప్రశ్నలతో గడప దగ్గర నిలబెట్టరు.

ఇట్లాంటి చిక్కు మనకొక్కరికే రాలేదు. తెలంగాణ పద్మశాలీలు ఎందరో పొట్టచేత పట్టుకుని పోయి పనిచేసిన బొంబాయి బట్టల మిల్లులు 1982 సమ్మె తర్వాత ఒక్కొక్కటే మూతపడ్డాయి. 1991 నాటి నిబంధన ప్రకారం మిల్లు నేలలో మూడోవంతు ఇళ్లకు, ఇంకో మూడోవంతు ప్రజల అవసరాలకు పోవాలి. 2001లో ఆ నిబంధనను మార్చి, ఖాళీగా ఉన్న నేలకే ఆ లెక్క అన్నారు. దాంతో వాటా కుంచించుకుపోయింది. 2006లో సుప్రీంకోర్టు కూడా ఆ మార్పును నిలబెట్టింది. మగ్గాలు ఆడిన చోట మేడలు లేచాయి. పాత కార్మికులకు లాటరీలో కొన్ని వేల ఇండ్లు దక్కాయి గాని, ఎదురుచూసినవాళ్ల సంఖ్య ముందు అవి కొంచెమే. ఇంకో పక్క తెలంగాణలోని సింగరేణి బొగ్గు ప్రాంతంలో కంపెనీ నేలమీద ఇండ్లు వేసుకుని ఉన్న చాలామందికి ప్రభుత్వం పట్టాలిచ్చింది. ఒకచోట ధర వచ్చాక మాట మార్చారు, ఇంకోచోట ఉన్నవాళ్లను గుర్తించారు. రెండు దారులూ చట్టం లోపలివే. ఏ దారి పట్టాలన్నది నీతికి సంబంధించిన నిర్ణయం.

కోర్టులు ఈ విషయాన్ని గ్రహించలేదని అనలేం. 1985లో ఓల్గా టెల్లిస్ కేసులో, బొంబాయి పేవ్‌మెంట్ల మీద బతికేవాళ్లు పని దగ్గర్లో ఉందని అక్కడ ఉంటున్నారనీ, వాళ్లను తీసేస్తే బతుకుతెరువు పోతుందనీ, బతుకుతెరువు జీవించే హక్కులో భాగమనీ సుప్రీంకోర్టు చెప్పింది. అయినా కొన్ని షరతులతో గుడిసెలు తీసేయడానికి అనుమతి కూడా ఇచ్చింది. ఇల్లు, పని వేరు కావని ఒప్పుకున్న తీర్పు కూడా ఇంటిని కాపాడలేకపోయింది. హక్కు మాటలో ఒప్పుకోవడం వేరు, దానికి పత్రం ఇవ్వడం వేరు.

పత్రం ఇస్తే రేపే అమ్ముకుంటారు అని పెదవి విరిచేవాళ్లున్నారు. అప్పుల్లో ఉన్నవాడు అమ్ముకోవచ్చు, కాదనను. దానికి మందు పత్రం ఇవ్వకపోవడం కాదు. దళితులకు, గిరిజనులకు ప్రభుత్వం ఇచ్చిన భూములు చేతులు మారకుండా కర్ణాటకలో 1978లోనే చట్టం చేశారు. అమలులో లొసుగులు ఎన్నో ఉన్నా, ఆ ఆలోచన వెనక ఒక వివేకం ఉంది. ఇల్లాలి పేర పత్రం ఇచ్చి, కొన్నేళ్లపాటు అమ్మకానికి వీలులేకుండా చేసి, వారసులకు మాత్రం చెందేటట్లు చూస్తే, ఆ ఇల్లు ముందు నిలవడానికి పనికొస్తుంది. ఫ్యాక్టరీలకు నేల ఇచ్చేటప్పుడు పనివాళ్లకు ఇండ్లు కట్టే బాధ్యత కూడా దానితోపాటే అప్పగించాలి. ఆ ఇల్లు లైను ఇంటిలాగా యజమాని చేతిలో కళ్లెం కాకుండా, పని మానినా నిలిచేదిగా ఉండాలి. రోడ్డు వేసినందువల్ల పెరిగిన నేల విలువలో కొంత భాగం ఆ ఊళ్లోనే చవక బాడుగ ఇండ్లుగా తిరిగి రావాలి. ఇవేవీ కొత్త విప్లవాలు కావు. లెక్క సరిగ్గా రాసుకోవడం మాత్రమే.

మారికుప్పం రైలు ఇప్పటికీ తెల్లవారకముందే బయలుదేరుతుంది. అందులో నిలబడి కునుకు తీసే మనుషుల తాతలు నేల కింద బతికి ప్రపంచానికి బంగారం ఇచ్చారు. నేలమీద వాళ్లు అడుగుతున్నది రెండు గదుల చోటు, వాటికొక పత్రం. ధర పెరిగింది కాబట్టి అది ఇవ్వడం కష్టమని ఎవరైనా అంటే, ఆ ధర తెచ్చినవాళ్లలో వీళ్లూ ఉన్నారు కదా అని మనం గట్టిగా అడగాలి.